కాంతి కోసిన చోట మిగిలే పొగ

1960 మే 16న థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. అయిదేళ్లకే దానికి కార్ఖానాలో పని దొరికింది. 1965లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు తీగలు లాగే వజ్రపు అచ్చులకి లేజర్‌తో రంధ్రాలు వేశారు. 1967లో ఇంగ్లండ్‌లో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్, లేజర్‌కి ఆక్సిజన్ ధార జోడించి ఉక్కు రేకు కోశాడు.

ఈ చరిత్ర చదువుతుంటే నాకు ఒక మాట దగ్గర పేచీ వస్తుంది: లేజర్‌ది 'శుభ్రమైన' కోత అని. రంపం లేదు, పొట్టు లేదు, నిజమే. మరి ఆ సన్నటి గాటులో ఉన్న లోహం ఎటు పోయింది? చాలామటుకు కరిగి చుక్కలుగా కిందికి ఎగిరిపోతుంది. కొంత ఆవిరై, గాలి తగలగానే చల్లారి, మైక్రాన్ కూడా లేని రేణువులవుతుంది. పొట్టునైతే చీపురుతో ఊడ్చేస్తాం. ఇవి గాలిలోనే తేలుతూ ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్లగలవు. స్టెయిన్‌లెస్ స్టీలు కోస్తే వాటిలో క్రోమియం, నికెల్ ఉంటాయి. పీవీసీ కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది.

పనిచోటి దుమ్ము మనిషికి కొత్త కాదు. 1556లో అచ్చయిన గనుల గ్రంథంలో అగ్రికోలా, కార్పేథియన్ గనుల దగ్గర ఏడుగురు భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లున్నారని రాశాడు. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జినీ, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో ఇంకొకటి కలపమన్నాడు: నువ్వు చేసే పనేంటి?

లేజర్ దగ్గరికొచ్చేసరికి మన భయమంతా కళ్ల చుట్టూ తిరిగింది. అందులో తప్పేం లేదు. 1973లో అమెరికాలో లేజర్ భద్రతా ప్రమాణం వచ్చింది. మిషన్ల మీద కనిపించే 1 నుంచి 4 దాకా క్లాసులు కిరణం ప్రమాదాన్ని కొలుస్తాయి, పొగని కాదు. మూత బాగా బిగిస్తే క్లాస్ 1 ముద్ర పడుతుంది, లోపల పొగ మాత్రం అలాగే పుడుతుంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్కలో చెప్పాలంటే, టెస్టులన్నీ పాసయ్యాయి, అసలు రాయని టెస్టు ఒకటి మిగిలింది.

2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. లేజర్ పొగ అచ్చంగా అదే కాకపోయినా, లోహం ఆవిరై గడ్డకట్టే తీరు రెండింట్లోనూ ఒకటే.

మందు కూడా తెలిసిందే. పొగ పుట్టిన చోటే లాగేయాలి, రేణువులకి హెపా ఫిల్టరు, వాయువులకి బొగ్గు ఫిల్టరు పెట్టాలి, ఫిల్టర్లు నిండితే మార్చాలి. మాస్కు ఆఖరి మాట. ఇప్పుడు శుభలేఖలు, యాక్రిలిక్ నేమ్‌బోర్డులు కోసే చిన్న లేజర్లు మన వీధుల్లోకీ వచ్చేశాయి. గొట్టాన్ని కిటికీలోంచి సందులోకి వదిలేస్తే పొగ పోదు, పక్కింటివాళ్ల వంతవుతుంది. రమజ్జినీ ప్రశ్నకి ఇంకొకటి కలుపుకోవాలేమో: మీ పక్క షాపులో చేసే పనేంటి?