రహదారి క్రింద అరణ్యపథము: పెంచ్ అండర్‌పాస్‌లలో ట్రాప్ కెమెరాల సాక్ష్యము

అరణ్యమధ్యమున సాగు రహదారి వన్యమృగములకు రెండు విధముల హాని కలిగించును. వాహనముల క్రింద బడి మృగములు మరణించుట అందరకును కనబడు హాని. దారిని జూచి బెదరి మరలిపోయిన మృగము ఆవలి యడవిలోని నీటికిని, మేతకును, జతకును దూరమై, తరతరములకు దాని వంశము క్షీణించుట కంటికి గానరాని హాని. మొదటిదానిని కళేబరముల లెక్కవలన గ్రహింపవచ్చును గాని, రెండవదానిని గ్రహించుటకు మృగము దాటినదో లేదో రేయింబవళ్లు కనిపెట్టియుండు సాక్షి కావలెను. ఎదుట మృగము కదలినప్పుడు తనంతట తానే చిత్రము తీయు ట్రాప్ కెమెరా యట్టి సాక్షి. దాని సాక్ష్యము నెట్లు చదువవలెనన్నదే యీ వ్యాసమునకు విషయము.

శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు పోవు 44వ జాతీయ రహదారి, ఆదిలాబాదు సీమలో తెలుగునేల నడుగిడుటకు మునుపు, పెంచ్ పులుల అభయారణ్యమును చీల్చుకొని వచ్చుచున్నది. దానిని నాలుగు వరుసలుగా విస్తరించినప్పుడు, మహారాష్ట్ర భాగమున సుమారు 16 కిలోమీటర్ల నిడివిలో, మృగముల రాకపోకలకై అండర్‌పాస్‌లును చిన్న వంతెనలును కలిసి తొమ్మిది కట్టడములు వెలసినవి. వానిలో చిన్నవాని వెడల్పు 50 మీటర్లు కాగా, మిక్కిలి పెద్దదాని వెడల్పు 750 మీటర్లు. భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు 2019 మార్చి మొదలు డిసెంబరు వరకు వాని క్రింద 78 ట్రాప్ కెమెరాల నమర్చి, 18 జాతుల వన్యమృగముల చిత్రములు 5,450 సేకరించిరి. వానిలో దుప్పులది అగ్రస్థానము. పెద్దపులి 89 పర్యాయములు చిత్రమున కెక్కినది.

ఈ 89 సంఖ్య 89 పులులను సూచింపదు. ఏ రెండు పులుల చారలును సరిపోలవు. ఒకే పులి కుడిప్రక్క చారలు సైతము ఎడమప్రక్క చారలకు భిన్నములు. కావున ఇరుప్రక్కలను చిత్రించుటకు ఎదురెదురుగా రెండు కెమెరాలు నిలుపుట వాడుక. పెంచ్‌లో చారలను సరిచూచి, అవి 11 పులులని నిర్ణయించిరి. మందలుగా తిరుగు దుప్పుల విషయమున నిట్టి నిర్ణయము దుష్కరము. కెమెరా యెదుట నిలిచి మేయు దుప్పి యొక్కటియే పదులకొలది చిత్రములకు కారణము కావచ్చును. అందుచేత అరగంట వంటి యొక వ్యవధిని నియమించుకొని, ఆ లోపల వచ్చిన ఒకే జాతి చిత్రములన్నిటిని ఒక్క దర్శనముగా గణించుట పరిశోధకుల యాచారము.

యంత్రమునకును పరిమితులు గలవు. పరిసరములకంటె వెచ్చనైన దేహము కదలినప్పుడే దాని సెన్సరు మేల్కొనును. గ్రీష్మ మధ్యాహ్నమున నేలయు దేహమును ఇంచుమించు సమానముగా వేడెక్కినప్పుడు ఎదుట నడచిన జంతువును సైతము అది విస్మరింపవచ్చును. పులి నుద్దేశించి మోకాలియెత్తున బిగించిన కెమెరాకు ముంగిస, అలుగు వంటి పొట్టి ప్రాణులు అందకపోవచ్చును. కెమెరా చూపు కొలది మీటర్లకే పరిమితము గనుక, 750 మీటర్ల కట్టడమున స్తంభముల నడుమ వరుసగా కెమెరాలు నిలుపక, అచటి లెక్కను ఇరుకు వంతెన లెక్కతో సరిపోల్చుట న్యాయము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, చిత్రమున కెక్కని మృగము. ప్రక్క యడవిలో సంచరించుచు అండర్‌పాస్ లోనికి రాని జాతి యేదో తెలిసిననే గాని కట్టడపు గుణదోషములు తేలవు; అందులకు అడవి లోపలను కెమెరా లుండవలెను. కాలమును దీర్ఘముగా నుండవలెను. కెనడాలోని బాన్ఫ్ జాతీయోద్యానమున 1996 నుండి సాగిన పరిశీలనలో, కొన్ని మృగములు కొత్త దారులకు అలవాటుపడుటకు ఏండ్లు పట్టినవని తేలినది. పది నెలల చిత్రములు శుభారంభమును చూపగలవే గాని తుది తీర్పు చెప్పజాలవు.

నల్లమలలో హైదరాబాదు–శ్రీశైలము దారిపై రాత్రివేళ వాహనములను నిలిపి మృగములకు దారి విడుచుచున్నారు. రాకపోకలు నిలుపరాని దారులలో కట్టడములే శరణ్యము. అట్టి కట్టడమును తలపెట్టినచోట, పునాది త్రవ్వుటకు మునుపే అడవిలో కెమెరాల నమర్చి, నిర్మాణానంతరము పలు సంవత్సరములు పరిశీలించు వ్యయమును మూల అంచనాలోనే చేర్చవలెను. వంతెన పూర్తియగుటతో ఇంజనీరు పని ముగియవచ్చును. మృగములు దానిని తమ దారిగా స్వీకరించినవని రుజువగు వరకు రహదారి నిర్మాతల బాధ్యత మాత్రము తీరదు.