పోలీసు జెర్సీ, బస్తీ కాళ్లు: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో కొన్ని ఘట్టాలు

చరిత్ర అంటే రాజుల జాబితా కాదని, ప్రజల శ్రమా, వాళ్ల ఆటపాటలూ కూడా చరిత్రేనని మనం సభల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. రచనలో దాన్ని ఎంతవరకు పాటించామన్నది వేరే ప్రశ్న. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు చరిత్రను తరచి చూస్తే ఆ ప్రశ్నకు దొరికే జవాబు మనకు గౌరవం తెచ్చేదిగా లేదు.

2024 ఏప్రిల్‌లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం విడుదలయింది. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడుగా పనిచేసిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం జీవితమే దాని కథావస్తువు. నేను ఫిల్మ్ నగర్ దిగువ బస్తీల పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. నా తరగతిలో లైట్‌మన్ల పిల్లలున్నారు, డ్రైవర్ల పిల్లలున్నారు, సెట్లు వేసే వడ్రంగుల పిల్లలున్నారు. రహీం ఎవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. స్టాఫ్‌రూములో అదే ప్రశ్న వేశాను. అక్కడా అంతే. తెలుగు ఎమ్మే చదివిన నాకు కూడా నలభై ఏళ్లు దాటితేగాని ఆ పేరు తెలియలేదన్న సంగతి ముందుగా ఒప్పుకోవాలి.

ఆ జట్టు చరిత్రలోని ముఖ్య ఘట్టాలను ముందు చూద్దాం.

1943లో బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్ పోటీ జరిగింది. ఫైనల్లో హైదరాబాదు పోలీసుల ఎదుట నిలిచినది బ్రిటిషు వైమానిక దళపు జట్టు. ఇంగ్లండులో క్రికెట్‌లోనూ ఫుట్‌బాల్‌లోనూ పేరు మోసిన డెనిస్ కాంప్టన్ అందులో ఉన్నాడు. గెలిచింది మాత్రం హైదరాబాదు జట్టు. 1911లో మోహన్ బగాన్ ఒక బ్రిటిషు రెజిమెంటును ఓడించినప్పుడు బెంగాలు ఆ విజయాన్ని జాతి జ్ఞాపకంగా నిలుపుకుంది. నిజాం బ్రిటిషువారికి మిత్రుడు గనుక 1943 విజయాన్ని దానితో సమం చేయడం అతిశయోక్తే అవుతుంది. అయినా మన జ్ఞాపకంలో దానికి చిన్న చోటైనా దక్కకపోవడం ఆలోచించవలసిన విషయం.

రెండవ ఘట్టం 1950. యుద్ధమూ దేశవిభజనా కారణంగా నిలిచిపోయిన డ్యూరాండ్ కప్ ఆ ఏడాది ఢిల్లీలో మళ్లీ మొదలయింది. ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి సిటీ పోలీసు జట్టు కప్పు గెలుచుకుంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును అదే ఏడాది మొదలుకొని 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పు 1954, 1957, 1961లలో మళ్లీ ఈ జట్టు చేతికే వచ్చింది. రాష్ట్రావతరణ తర్వాత దానికి ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు అన్న పేరు వచ్చింది.

1950 నాటి విజయాన్ని తేదీ చూసి అర్థం చేసుకోవాలి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం పోయింది. నగరంలోని ముస్లిం పేదలు భయంతో, అవమానంతో, నిరుద్యోగంతో బతుకుతున్నారు. జట్టులో ఎక్కువమంది ఆ పేదల బిడ్డలే. ఓడిన రాజ్యపు బిడ్డలని లోకం చూసే చూపు మారకముందే, రెండేళ్లు తిరిగేసరికి వాళ్లు రాజధానికి వెళ్లి దేశంలోకెల్లా పాత కప్పును తెచ్చారు. ఈ ఒక్క ప్రయాణంలో ఎంత కథ ఉన్నదో రచయితలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాటవేస్తే ఇది పొగడ్త అవుతుందిగాని చరిత్ర కాదు. ఆ సంవత్సరాల్లో తెలంగాణ పల్లెలకు పోలీసు అనే మాట ఎలా వినిపించేదో మనకు తెలుసు. 1951 దాకా రైతాంగ సాయుధ పోరాటం సాగింది. 1952 సెప్టెంబరులో, ఆ జట్టు రోవర్స్ కప్పు విజేతగా ఉన్న కాలంలోనే, సిటీ కాలేజీ దగ్గర ముల్కీ ఆందోళనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. లాఠీ పట్టిన శాఖే కప్పునూ పట్టింది. మరి ఈ జట్టును ప్రజలదని ఎలా అనగలం?

జట్టు శాఖది, ఆట ప్రజలది అన్నదే నా జవాబు. పేదవాడికి ఫుట్‌బాల్ ఒక కానిస్టేబుల్ కొలువుకు దారి. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతి నివసించే బార్కస్‌లో, సికింద్రాబాదు కంటోన్మెంటు చుట్టుపక్కల, పాతబస్తీ గల్లీలలో ఆ ఆట పెరిగింది. ఒక బంతి ఉంటే ఇరవైరెండుమందికి ఆట దొరుకుతుంది. పోలీసు శాఖ ఆ నైపుణ్యాన్ని వాడుకుంది. ఆ కుటుంబాలు శాఖ జీతంతో పొయ్యి వెలిగించుకున్నాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోని వైరుధ్యాన్ని చూపగలిగేది సాహిత్యమే.

మూడవది ఘట్టం కన్నా పద్ధతి అనదగ్గది. రహీం (1909-1963) బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందాడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి మరణించేదాకా పోలీసు జట్టు శిక్షకుడు. బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి ఆయన పోటీలు జరిపాడు. బంతిని ఒంటరిగా తిప్పుకుంటూ పోకూడదని మరొక పోటీ, పొట్టివాళ్లకు మాత్రమే అని ఇంకొకటి. చాలని తిండితో పెరిగిన పిల్లవాడికి పొడవూ బరువూ తక్కువగా ఉంటాయి. అది లోపమని వదిలేయకుండా పొట్టి పాసులతో, వేగంతో, రెండు కాళ్ల వాడుకతో ఆ లోపానికి జవాబు వెతికాడు. పిల్లవాడికి ఏది రాదో కనిపెట్టి అక్కడినుంచి పాఠం మొదలుపెట్టడం మన వృత్తిలో చాలా కష్టమైన పని. ఆయన దాన్ని మైదానంలో చేసి చూపించాడు.

ఈ పద్ధతి దేశపు జట్టుకూ అందింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. 1952 హెల్సింకిలో చలిలో చాలామంది బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడారు. రహీం ఆ ఓటమినుంచే పాఠం నేర్చుకున్నాడు. 1956 మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ అదే యుగోస్లావియాపై మొదటి గోలు కొట్టింది మనవాళ్లే. చివరకు 4-1తో ఓడి, నాలుగవ స్థానంలో నిలిచారు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరాం హైదరాబాదు వాళ్లే. 1962 జకార్తాలో గ్యాలరీ అంతా భారత జట్టుకు ఎదురుగా అరుస్తుండగా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం గెలిచారు. రహీం అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్నాడు. 1963 జూన్‌లో కన్నుమూశాడు. అంతటి విజయం భారత ఫుట్‌బాల్‌కు మళ్లీ దక్కలేదు.

తులసీదాస్ బలరాం మాట వేరుగా చెప్పాలి. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ పేదింటి పిల్లవాడు. ఇంట్లో తమిళం, వీధిలో ఉర్దూ తెలుగూ. అతని ఆట చూసి రహీం చేరదీశాడు. నగరానికి వచ్చి సాధన చేయడానికి ఛార్జీలు లేవంటే సైకిలు ఏర్పాటు చేశాడు. 1957లో బలరాం కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. మిగిలిన జీవితం చాలావరకు బెంగాలులోనే గడిపి 2023 ఫిబ్రవరిలో అక్కడే మరణించాడు. బెంగాలు అతన్ని తనవాడనుకుంది. మనం అతన్ని పోగొట్టుకున్నామని కూడా గుర్తించలేదు.

1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. తర్వాత క్షీణత మొదలయింది. గురువు పోయాడు, మేటి ఆటగాళ్లు కలకత్తా దారి పట్టారు, ఖాళీ మైదానాలు ఇళ్లకూ దుకాణాలకూ పోయాయి. సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసునుంచి తెలుగు సినిమా ఈ నగరానికి వచ్చింది. 1976లో రాళ్లగుట్టల మీద అన్నపూర్ణ స్టూడియో వెలిసింది, తర్వాత ఫిల్మ్ నగర్ ఏర్పడింది. ఆట వెళ్లిపోతున్న నగరంలోకి తెర వచ్చిందన్నమాట. తెర ఆటలను చూడలేదని కాదు. ‘ఒక్కడు’ (2003)లో కబడ్డీ ఉంది, ‘జెర్సీ’ (2019)లో క్రికెట్ ఉంది. రహీం కథను పెద్ద చిత్రంగా తీయడానికి మాత్రం బొంబాయి పూనుకోవలసి వచ్చింది.

సినిమావాళ్లను నిందించి చేతులు దులుపుకుందామా? కథ ముందు పుస్తకంలో ఉంటే తర్వాత తెరమీదికి వస్తుంది. నేను చదివినంతలో తెలుగు కథలో, నవలలో ఈ మైదానం జాడ లేదు. ఉర్దూలో మాట్లాడే బతుకు తెలుగు సాహిత్యానికి బయటిదనుకున్నాం. పోలీసు జెర్సీ చూసి లోపలి మనిషిని చూడలేదు. ఆటను కాలక్షేపమనుకున్నాం. నెల్లూరి కేశవస్వామి పాతబస్తీ ముస్లిం జీవితాన్ని తెలుగు కథలోకి తెచ్చి ఆ గోడను కొంత కూల్చాడు. రహీం కన్నా ఒక ఏడాది పెద్దవాడైన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి అయినా మనవాడయ్యాడు. రహీం కాలేదు.

2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పెట్టుబడి ఎటు పోతే అటు పోయే జట్టుకూ, ఊరి బిడ్డల కాళ్లమీద నిలిచిన జట్టుకూ ఉన్న తేడా ఇదే.

రహీం కుమారుడు, స్వయంగా ఒలింపిక్ జట్టు సభ్యుడైన హకీం 2021లో పోయాడు. రెండేళ్లకు బలరాం పోయాడు. బార్కస్‌లో, బొల్లారంలో, మల్లేపల్లిలో ఆ ఆటలు చూసిన ముసలివాళ్లు ఇంకా కొందరైనా ఉంటారు. వాళ్లకు తెలుగు రాకపోతే మనకు ఉర్దూ వచ్చినవారిని వెంట తీసుకుపోవచ్చు. సాహిత్యం చదివే విద్యార్థులు ఒక సెలవుల కాలం ఈ పనికి కేటాయిస్తే, వచ్చే ఏడాది నా తరగతిలో రహీం ఎవరని అడిగినప్పుడు పిల్లల చేతికివ్వడానికి ఒక తెలుగు పుస్తకమైనా ఉంటుంది.