ఎఫ్1 వెనక కథ

2015లో విండోస్ 10 వచ్చిన కొత్తల్లో డెస్క్‌టాప్ మీద ఎఫ్1 నొక్కినవాళ్ళకి ఒక వింత ఎదురైంది. బ్రౌజర్ తెరుచుకుని, "విండోస్ 10 లో సహాయం పొందడం ఎలా" అన్న ప్రశ్నని బింగ్ లో తనే వెతికి పెట్టింది. సాయం చెయ్యమని అడిగితే, సాయం ఎలా అడగాలో కనుక్కుందాం పద అన్నట్టన్నమాట :) దీని మీద బోలెడు జోకులు పేలాయి. కానీ ఆ మీట అక్కడిదాకా రావడం వెనక పెద్ద కథే ఉంది. రోజూ "మాన్యువల్ చదువు బాబూ" అని ఒకర్నొకరు విసుక్కునే మనలాంటి వాళ్ళు తెలుసుకోవాల్సిన కథే.

మొదలు బెల్ ల్యాబ్స్ లో. అక్కడ కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ బృందానికి ఒక కొత్త పీడీపీ-11 కావాల్సొచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటాం, మెషీన్ కొనిపెట్టండి అంటే పై వాళ్ళు ఒప్పుకునేట్టు లేరు. అందుకని పత్రాలు తయారుచేసే వ్యవస్థ కడతామని చెప్పి 1970లో ఆ యంత్రం తెప్పించుకున్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. సంస్థలోని పేటెంట్ విభాగం వాళ్ళు యూనిక్స్ మీదే తమ దరఖాస్తులు టైపు చేసుకున్నారు. అంటే యూనిక్స్ బతికి బట్టకట్టిందే డాక్యుమెంట్ల పుణ్యాన.

ఆ యూనిక్స్ మొదటి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. ఒక్కో కమాండ్ కి ఒక్కో చిన్న వ్యాసం, అన్నీ ఒకే మూసలో. పేరు, వాడే పద్ధతి, వివరణ, సంబంధించిన ఫైళ్ళు, వాటి తర్వాత బగ్స్ అని ఒక శీర్షిక. ఓనర్ అని ఇంకోటి, ఆ ప్రోగ్రాము ఎవరిదో లాగిన్ పేరుతో సహా. తమ ప్రోగ్రాము ఎక్కడ తప్పటడుగు వేస్తుందో తామే రాసి, కింద పేరు పెట్టుకున్నారు! ఇప్పుడు ఎంతమంది చేస్తారు ఆ పని? ఆ విభాగానికి పెద్దగా ఉన్న డగ్ మెకిల్రాయ్ తర్వాతి రోజుల్లో చెప్పిన సంగతి ఒకటుంది. నలుగురికీ వివరించాలి కాబట్టి ముందు ప్రోగ్రామునే శుభ్రం చేసుకోవడం యూనిక్స్ వాళ్ళకి అలవాటుగా ఉండేదట. చదివేవాడికే కాదు, రాసేవాడికి కూడా మాన్యువల్ పనికొచ్చిందన్నమాట. కొద్ది కాలానికే మ్యాన్ కమాండ్ వచ్చి ఆ పుస్తకం యంత్రంలోకే చేరిపోయింది.

ఇంకో అడుగు 1976లో ఎంఐటీలో పడింది. రిచర్డ్ స్టాల్‌మన్ తదితరుల ఈమ్యాక్స్ లో ప్రోగ్రాము తన గురించి తనే చెప్పుకుంటుంది. ఫలానా మీట నొక్కితే ఏమవుతుంది అని అడగొచ్చు. ఆ మీటని మీరు మార్చుకుని ఉంటే, మార్చిన దాని ప్రకారమే జవాబిస్తుంది. 1985 నాటి గ్నూ ఈమ్యాక్స్ లో ఈ సాయం కంట్రోల్-హెచ్ మీద ఉంది. చిక్కేంటంటే చాలా టెర్మినళ్ళలో బ్యాక్‌స్పేస్ పంపే కోడ్ కూడా అదే. అక్షరం చెరుపుదామనుకుంటే సహాయం వచ్చి కూర్చునేది.

1987లో ఐబీఎం తన సీయూఏ ప్రమాణాల్లో సహాయానికి ఎఫ్1 మీటని కేటాయించింది. 1990లో, అంటే నేను పుట్టకముందు, విండోస్ 3.0 తో విన్‌హెల్ప్ వచ్చింది. అందులో హెల్ప్ రాయడం ఒక యజ్ఞం. వర్డ్ లాంటి దాంట్లో ఆర్టీఎఫ్ ఫైలు రాయాలి, ప్రతి అంశానికీ ఫుట్‌నోట్లలో గుర్తులు పెట్టాలి, ఆపైన కంపైల్ చెయ్యాలి. ప్రతి డయలాగ్ బాక్సుకీ ఒక నంబరు ఇచ్చి, హెల్ప్ లోని అంశానికి జత కలపాలి. అప్పుడుగానీ ఎఫ్1 నొక్కినచోట సరైన పేజీ తెరుచుకోదు. కోడ్ రాసేవాడూ హెల్ప్ రాసేవాడూ మాట్లాడుకోక తప్పేది కాదు.

1997లో హెచ్‌టీఎంఎల్ హెల్ప్, దాంతోపాటు సీహెచ్ఎం ఫైళ్ళు వచ్చాయి. ఆఫీస్ 97 లో పేపర్ క్లిప్ బొమ్మ ఊడిపడింది. అడక్కుండానే సలహా ఇచ్చే ఆ బొమ్మని జనం భరించలేకపోయారు. ఆఫీస్ ఎక్స్‌పీలో డిఫాల్ట్ గా దాచేశారు, ఆఫీస్ 2007 లో తీసేశారు.

ఇక్కణ్ణుంచి హెల్ప్ యంత్రం బయటికి నడక మొదలెట్టింది. సీహెచ్ఎం ఫైళ్ళ ద్వారా దాడులు జరగొచ్చని 2005లో మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. నెట్‌వర్క్ షేర్ లోంచి సీహెచ్ఎం తెరిస్తే ఎడమవైపు విషయసూచిక కనిపించేది, కుడివైపు పేజీ మాత్రం వచ్చేది కాదు. ప్రాపర్టీస్ లోకెళ్ళి అన్‌బ్లాక్ నొక్కిన సీనియర్లు మీ టీములో ఉండే ఉంటారు, అడిగి చూడండి. 2007లో జనం చేతికొచ్చిన విస్టాలో పాత విన్‌హెల్ప్ ప్రోగ్రామే లేదు. 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో మొదలైంది. ఎర్రర్ మెసేజ్ కాపీ చేసి గూగుల్ లో పడెయ్యడం మన వృత్తి ధర్మమైపోయింది.

ఇందులో లాభం లేదని అనను. నెట్ లో ఉన్న పేజీలో తప్పుంటే ఆ రోజే దిద్దొచ్చు. సీడీలో అచ్చయిపోయిన తప్పుని ఎవరు దిద్దుతారు?

కానీ పోగొట్టుకున్నదీ చిన్నది కాదు. ఒక ఉదాహరణ. ఫైలుని అక్కడికక్కడే మార్చడానికి సెడ్ కమాండ్ కి మైనస్ ఐ ఇస్తాం. లినక్స్ లో అది చాలు. మ్యాక్ లో ఉన్నది బీఎస్డీ సెడ్, దానికి ఆ వెంటనే బ్యాకప్ ఫైలు పేరు చివర తగిలించే తోక కూడా ఇవ్వాలి, కనీసం ఖాళీగానైనా. నెట్ లో దొరికిన జవాబు ఏ సెడ్ గురించో నెట్ కి తెలీదు. మీ ముందున్న యంత్రంలో మ్యాన్ సెడ్ అని కొడితే, అది ఆ యంత్రంలోని సెడ్ గురించే చెబుతుంది. ఏఐ అసిస్టెంట్లని అడిగినా ఇదే తంతు. మీ వెర్షన్ లో లేని ఆప్షన్ ని కూడా ఎంతో నమ్మకంగా చెప్పగలవు. నిజమో కాదో తేల్చేది చివరికి ఆ ప్రోగ్రాముతో వచ్చిన హెల్ప్ మాత్రమే.

విచిత్రమేంటంటే ఆ హెల్ప్ నే మనం బరువని తీసేస్తున్నాం. ఉబుంటు కంటైనర్ ఇమేజ్ లో మ్యాన్ అని కొట్టండి. మనుషులు లాగిన్ అవ్వని సిస్టమ్ కాబట్టి అక్కర్లేనివి తీసేశాం అన్న అర్థంలో జవాబొస్తుంది. నిజమే, మామూలుగా ఎవరూ లాగిన్ అవ్వరు. అవ్వాల్సొచ్చేది అర్ధరాత్రి ఏదో తగలబడినప్పుడే. అలాంటి సర్వర్ల నుంచి చాలాచోట్ల బయటి నెట్ కి దారే ఉండదు.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, ఎఫ్1 బ్రౌజర్ తెరవడం అంత పెద్ద నష్టం కాదు. ప్రోగ్రాము రాసినవాడే దాని గురించి రాసి, అందులోనే పెట్టి, ఇక్కడ నా ప్రోగ్రాము తప్పుతుంది అని ఒప్పుకునే అలవాటు పోవడమే అసలు నష్టం. మీ టీములో వాడే అంతర్గత టూల్ ఒకటి తీసుకోండి. దాని హెల్ప్ లో బగ్స్ అని ఒక శీర్షిక పెట్టి నాలుగు లైన్లు రాయండి. రాస్తూ రాస్తూ సిగ్గేసి ఒకటో రెండో సరిచేసేస్తారు చూడండి. 1971లో అక్కడ జరిగిందీ అదే. మీరేమంటారు?