కిర్క్స్‌విల్ చేతివైద్యం

1864లో మెదడుపొరల జబ్బు ఆండ్రూ టేలర్ స్టిల్ పిల్లలను ముగ్గురిని పొట్టనబెట్టుకుంది. తానే వైద్యుడై ఉండీ కాపాడుకోలేకపోయాడు. ఆనాడు విరివిగా వాడిన కాలొమెల్ అనే మందులో ఉండేది పాదరసం; చిగుళ్లు పుండ్లు పడి పళ్లు ఊడేవి. అలాంటి మందులను కాదని, వెన్నుపూసల వెంట వేళ్లతో తడిమి బిగిసిన కీళ్లను సడలించే ఆస్టియోపతీని 1874లో ప్రకటించాడు. 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో బడి పెట్టి, మొదటి తరగతిలోనే ఆడవాళ్లనూ చేర్చుకున్నాడు.

ఎముకలు పక్కకు జరిగి రక్తప్రసారాన్ని అడ్డుకోవడమే రోగాలకు మూలమన్న ఆయన సిద్ధాంతం తప్పని విమర్శకులంటారు. నిజమే, అది నిలవలేదు. కానీ హాని చేసే మందును ఆపడమే ఆ రోజుల్లో పెద్ద మేలు. ఈ వృత్తి బతికింది చదువు వల్లనేనని నా నమ్మకం. బడులు శరీర నిర్మాణాన్ని, పోనుపోను మందులనూ శస్త్రచికిత్సనూ నేర్పాయి. అందుకే అమెరికాలో ఆస్టియోపతీ పట్టా ఉన్నవారు నేడు పూర్తిస్థాయి డాక్టర్లు. బ్రిటన్‌లో మాత్రం ఆస్టియోపాత్‌లు 1993 నాటి చట్టం కింద నమోదై, ఎక్కువగా నడుమునొప్పి వంటివాటికి చేత్తోనే చికిత్స చేస్తారు.