పసివాని తలపై విద్యుత్తరంగాలు

మూర్ఛ వచ్చిన పిల్లవాని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన ఇండ్లలో చిరకాలంగా ఉన్న అలవాటు. మూర్ఛ సాధారణంగా రెండు మూడు నిమిషాలలో తనంతట తానే ఆగిపోతుంది. కీర్తి మాత్రం తాళంచెవులకు దక్కుతుంది. ఇనుముకు అట్టి మహిమ ఏదీ లేదు. అయితే ఆ సమయంలో మెదడులో జరిగేది విద్యుద్వ్యాపారమన్న మాట నిజం. దానిని కాగితంపై గీయగలగడానికి శాస్త్రజ్ఞులకు చాలాకాలం పట్టింది.

1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ళ, కోతుల మెదళ్ళకు గాల్వనోమీటరు తీగలు ఆనించి, సన్నని విద్యుత్ప్రవాహాలను కనుగొన్నాడు. మనిషి పుర్రెను తెరువకుండా ఆ పని చేయడం ఎలా?

ఆ ప్రశ్నను పట్టుకొన్నవాడు జర్మనీ దేశస్థుడు హాన్స్ బెర్గర్ (1873-1941). యౌవనంలో సైనిక శిక్షణ పొందుతూ ఒకనాడు అతడు గుర్రంపైనుండి పడి, ఫిరంగిబండి చక్రం క్రింద నలగవలసినవాడు తృటిలో తప్పించుకొన్నాడు. ఆ సాయంత్రమే తండ్రివద్దనుండి క్షేమమడుగుతూ తంతి వచ్చింది. దూరాన ఉన్న సోదరికి ఎందుకో కీడు తోచిందట! మనస్సునుండి మనస్సుకు ఏదో శక్తి ప్రసరిస్తుందని బెర్గర్ నమ్మాడు. దానిని వెదకడానికే యేనా నగరంలో వైద్యం చదివాడు. ఆ శక్తి అతనికి దొరకలేదు, దొరికింది వేరొకటి. తప్పు త్రోవన బయలుదేరి సరియైన ఊరు చేరినవారు విజ్ఞానచరిత్రలో ఇంకా కొందరున్నారు.

1924లో అతడు మొదటిసారి మానవ మస్తిష్కపు విద్యుత్తును నమోదు చేశాడు. తలపై లభించే వోల్టేజి ఎంత స్వల్పమో చూడండి: 50 మైక్రోవోల్టులనుకొంటే, అది 1.5 వోల్టుల టార్చిలైటు బ్యాటరీలో 30,000వ వంతు. కండరం కాస్త కదిలినా గీత చెడుతుంది. అందుచేత అయిదేండ్లు సరిచూచుకొని, 1929లోగాని బెర్గర్ తన ఫలితాలను ప్రకటించలేదు. ఈ ప్రయోగాలలో అనేక పర్యాయాలు కూర్చున్నది అతని కుమారుడు క్లౌస్. కండ్లు మూసికొన్నపుడు సెకనుకు సుమారు పది తరంగాలు. తెరువగానే అవి అణగిపోయేవి. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అదే చూపించిన పిమ్మట సందేహాలు తొలగిపోయాయి.

ఇక్కడ ఒక చేదు విషయం దాచరాదు. 1933లో జర్మనీ చేసిన చట్టం వంశపారంపర్య మూర్ఛగలవారిని బలవంతంగా సంతానహీనులను చేయడానికి అనుమతించింది. దానిని అమలుజరిపిన న్యాయస్థానాలలో ఒకదానిలో బెర్గర్ కూడ కూర్చున్నాడు. మూర్ఛరోగులకు ఎంతో మేలు చేసిన పరికరం అతని చేతిమీదుగానే వచ్చింది.

ఆ మేలు 1935లో బోస్టన్‌లో తేటపడింది. గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అనే ముగ్గురు, పెటిమాల్ అనే చిన్న మూర్ఛలో సెకనుకు మూడేసి చొప్పున ముల్లూ అలా కలిసిన గీతలు వస్తాయని చూపారు. ఈ మూర్ఛలో బిడ్డ క్రింద పడడు. పాఠం చదువుతూ చదువుతూ కొన్ని సెకన్లు ఆగి, శూన్యంలోకి చూచి, మళ్ళీ చదువుతాడు. ఉపాధ్యాయులు గమనించాలి: పరధ్యానమని మనం బెత్తం తీసిన పిల్లలలో ఇట్టివారు ఉండి ఉండవచ్చు. పరీక్షగదిలో బిడ్డచేత మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీయిస్తే, తరచు ఆ గీతలు బయటపడతాయి.

కాని గది లోపల బిడ్డ ఒంటరిగా ఉంటే ఎలా? ఇంగ్లండులో చాలా ఆసుపత్రులు ఒకప్పుడు తల్లిదండ్రులను తగినంతగా రానిచ్చేవి కావు. తల్లి వస్తే బిడ్డ ఏడుస్తాడు, రాకపోతే ఊరుకొంటాడు అని వాదం. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ రెండేండ్ల పాప ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులను చలనచిత్రంగా తీసి, ఆ ఊరుకోవడం నెమ్మది కాదు, నిరాశ అని చూపాడు. చాలామంది వైద్యులు కోపగించారు. 1959లో ప్లాట్ సంఘం తల్లిదండ్రులను ఎప్పుడైనా రానీయాలనీ, అయిదేండ్లలోపు బిడ్డలతో తల్లులను కూడ చేర్చుకోవాలనీ సిఫార్సు చేసింది.

నేడు దీర్ఘకాల పరీక్షకు బిడ్డతోపాటు తల్లో తండ్రో ఆసుపత్రిలో మకాం ఉంటారు. 1958లో జాస్పర్ ప్రకటించిన పద్ధతి ప్రకారం, ముక్కు మొదలునుండి తల వెనుక ఎముకబొడిపెవరకు టేపుతో కొలిచి, ఆ దూరంలో 10, 20 శాతాల చొప్పున గురుతులు పెట్టి, లోహపు బిళ్ళలను జిగురుతో అంటిస్తారు. పైన గుడ్డకట్టు. నొప్పి ఉండదు, దురద మాత్రం ఉంటుంది! కొన్ని పరీక్షలకు ముందురాత్రి బిడ్డను నిద్రపోనీయరాదు. కథలు చెబుతూ తెల్లవార్లూ మేలుకొనే పని ఇంటివారిదే. కెమేరా ఒకవైపు బిడ్డను, యంత్రం మరొకవైపు మెదడును రేయింబవళ్ళు నమోదు చేస్తుంటాయి. మంచం ప్రక్కన ఒక మీట ఉంటుంది. బిడ్డ చూపు నిలిచిపోయిందని తల్లికి తోచిన క్షణాన ఆమె దానిని నొక్కుతుంది. మరునాడు వైద్యుడు వేలాది గీతల మధ్య మొట్టమొదట వెదికేది ఆ గుర్తునే.