లూథరన్ రైతు కుటుంబాలు

గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో లూథరన్ క్రైస్తవాన్ని అనుసరించే తెలుగు వ్యవసాయ కుటుంబాలు. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరడంతో ఇక్కడ ఈ శాఖ వేళ్లూనింది. తరువాత ఆయన పల్నాటి గురజాలలోనూ పనిచేశాడు. తొలి విశ్వాసుల్లో అత్యధికులు సెంటు భూమి లేని దళిత పాలేర్లు, కూలీలు. గ్రామ క్రైస్తవ సంఘాలను ప్రధానంగా నిలిపింది వారి కష్టమే. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది.

ఈ కుటుంబాల్లో సేద్యం, ఆరాధన విడదీయరానివి. కోతకాలపు పండుగనాడు ధాన్యం, కూరగాయలు, కోళ్లు గుడికి కానుకలుగా తెస్తారు. వాటిని వేలం వేసి వచ్చిన సొమ్మును సంఘానికి జమ చేస్తారు. మరణాన్ని ‘ప్రభువునందు నిద్రించడం’గా పేర్కొంటారు. పాస్టరు ప్రార్థనతో భౌతికకాయాన్ని ఖననం చేస్తారు, తరువాత జ్ఞాపకార్థ కూడిక జరుపుతారు. ఈస్టరు సమయంలో సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు.