రేడియేటర్లో నల్లనీళ్లు ఎక్కడివి?

బ్రిటన్‌లో ఏ పాత ఇంటి రేడియేటర్‌నైనా గోడ మీంచి విప్పి వంచితే సిరా లాంటి నల్లటి నీళ్లు కారతాయి. కార్పెట్ మీద పడ్డాయా, ఆ మరక ఓ పట్టాన వదలదు. ఆ నలుపును కడిగి పారబోయడమే అక్కడ ఇప్పుడొక వ్యాపారం. దాని పేరు పవర్ ఫ్లషింగ్.

వేడినీళ్లను గొట్టాల్లో తిప్పి వెచ్చదనం పుట్టించడం పాత విద్యే. 1716లో స్వీడన్ ఇంజనీరు మార్టెన్ ట్రీవాల్డ్ ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఒక గ్రీన్‌హౌస్‌ను ఇలా వెచ్చబెట్టాడు. 1777లో ఫ్రాన్స్‌లో బోన్‌మాఁ కోడిగుడ్లు పొదిగించడానికి ఇదే పద్ధతి వాడాడు. మనుషుల కంటే మొక్కలు, కోడిపిల్లలే ముందు ఆ సుఖం అనుభవించాయన్నమాట! ఆ తర్వాత 1850లలో ఫ్రాంజ్ సాన్ గల్లి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రేడియేటర్‌కు రూపమిచ్చాడు.

సామాన్యుల ఇళ్లకు అది చేరడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1970 నాటికి కూడా బ్రిటన్‌లో సుమారు మూడో వంతు ఇళ్లకే సెంట్రల్ హీటింగ్ ఉండేది. 1965లో ఉత్తర సముద్రంలో గ్యాస్ దొరికింది. 1967 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ తిరిగి పొయ్యిలనూ హీటర్లనూ ఆ గ్యాస్‌కు అనువుగా మార్చారు. ఆ ఊపులో పలుచటి ఉక్కు రేడియేటర్లు, రాగి గొట్టాలు ఊరూరా వెలిశాయి.

చిక్కు అక్కడే ఉంది. నీళ్లలోని ఆక్సిజన్ ముందు ఉక్కును తుప్పు పట్టిస్తుంది. అది అయిపోయాక కూడా ఇనుము నెమ్మదిగా నీటితో చర్య జరిపి మాగ్నెటైట్ అనే నల్లటి ఆక్సైడుగా మారుతుంది, హైడ్రోజన్ వెలువడుతుంది. రేడియేటర్ పైభాగం చల్లబడితే లోపల గ్యాస్ చేరిందనీ, అడుగు చల్లబడితే ఆ నల్లటి ఆక్సైడు మడ్డిగా పేరుకుందనీ మెకానిక్కులు చేత్తో తడిమే చెప్పేస్తారు. బయటికి వదిలే ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ ఉండొచ్చు కాబట్టి దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు.

పాతకాలపు బరువైన పోత ఇనుము బాయిలర్లు ఈ మడ్డిని చాలావరకు ఓర్చుకున్నాయి. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపుగా కండెన్సింగ్ రకమే కావాలన్నారు. వాటి లోపలి దారులు ఇరుకు, మడ్డి చేరితే ఇట్టే పూడిపోతాయి. బాయిలర్ మార్చేముందు గొట్టాలు కడగాలన్న పట్టింపు పెరగడానికి ఇదే పెద్ద కారణం. హీటింగ్ నీటి శుద్ధికి బ్రిటిష్ ప్రమాణం, బీఎస్ 7593, 1992లోనే వచ్చింది. 2019 సవరణలో ఫిల్టర్ కూడా శాశ్వతంగా బిగించాలని చేర్చారు.

పవర్ ఫ్లషింగ్‌లో బలంగా తోసేదేమీ ఉండదు. పీడనం తక్కువ, ప్రవాహం ఎక్కువ. బయటి పంపు తగిలించి, మందు కలిపి, నీళ్లను ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుతారు. ఒక్కో రేడియేటర్‌ను రబ్బరు సుత్తితో తడుతూ మడ్డిని కదిలిస్తారు. అయస్కాంతం దాన్ని పట్టుకుంటుంది. నీళ్లు తేటపడేదాకా ఇదే తంతు, ఒక్కోసారి రోజంతా పడుతుంది.

అసలు మెలిక చివర్లో ఉంది. కొత్తగా నింపిన నీళ్లతో ఆక్సిజన్ కూడా లోపలికొస్తుంది. తుప్పును ఆపే ఇన్హిబిటర్ మందు కలపకపోతే కథ మళ్లీ మొదటికే. బ్రిటన్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్లు ఫ్లషింగ్ బిల్లు కట్టేముందు ఆ మందు పోశారా లేదా అని ఒక్క మాట అడగండి.